గోటితో లాగే మీట

డ్రాయింగు మాస్టారికి పాత అమెరికా జేబు గడియారాలంటే పిచ్చి. గడియారాలు కూడా కావు, వాటి లోపలి మిషన్లు. పైనుండే వెండి, బంగారం డొల్లల్ని, అంటే కేసుల్ని, జనం ఎప్పుడో కరిగించుకోగా మిగిలిపోయినవి. భూతద్దం పట్టుకుని, ఏది ఏ ఏడాదిదో ఆరా తీస్తూ కూర్చుంటే ఆయనకి తిండీ నీళ్లూ అక్కర్లేదు. "మీ చొక్కాల్లేని పిల్లలు నిద్ర లేచారా?" అని భార్య ఎగతాళి చేసేది.

ఈ పిచ్చికి మూలం వాళ్లక్క దాచుకున్న ఖాళీ వెండి కేసు. నాన్న పోయేనాటికి మాస్టారు పాకే పిల్లాడు. తర్వాత అమ్మ ఆయన గడియారాన్ని బాగుకిస్తే, దుకాణం వాడు మిషను ఎందులోనో కలిపేసి ఉత్త డొల్ల చేతిలో పెట్టాడు. "దాని చప్పుడు ఇంకొక్కసారి వినాలనుందిరా," అనేది అక్క.

కేసు మీదున్న నంబరే మిషను మీదా ఉంటుందనుకుని మాస్టారు కాళ్లరిగేలా తిరిగారు. అక్కడే పప్పులో కాలేశారు. ఆ రోజుల్లో మిషను ఒక కంపెనీది, కేసు ఇంకో కంపెనీది. కొనేవాడు రెండూ ఎంచుకుని కలిపించుకునేవాడు. ఎవరి నంబరు వారిదే. ఈ సంగతి తెలిసేసరికి మాస్టారి జుట్టు కాస్తా నెరిసింది.

చూడాల్సింది గాట్లు. మిషనుని బిగించే మరలు కేసు అంచు మీద గాట్లు పెడతాయి. అమ్మ బాగుకిచ్చిన ఆ దుకాణం మూసేసినప్పుడు మాస్టారు కొన్న పాత మిషన్ల డబ్బాలో, నంబరు కలవలేదని పక్కన పడేసిన మిషనొకటి ఉంది. దాన్ని కేసులో పెడితే మరలు పాత గాట్లలోనే కూర్చున్నాయి. శుభ్రం చేసి నూనె వేస్తే నడిచింది కూడా.

అయినా మాస్టారికి మనసొప్పలేదు. ఆ రకం మిషను ఏదైనా అవే గాట్లు పెడుతుంది. ఎవరిదో తెచ్చి నాన్నదని అక్క చేతిలో పెడితే అంతకన్నా పాపముందా?

అక్క వచ్చినప్పుడు, "ఊరికే ఒకటి బిగించాను, చూడు," అన్నారు నసుగుతూ.

"టైం తప్పుగా ఉందిరా," అంది అక్క. టైం మార్చడానికి అందరూ తిప్పే పైనున్న గుబ్బ జోలికి పోలేదు. ముందున్న అద్దం మూత తిప్పి తీసింది. అంకెల అంచున దాగున్న చిన్న మీటని గోటితో లాగి, ముళ్లు సరిచేసి, మళ్లీ లోపలికి నొక్కింది. ఆ రకం మిషన్లలోనూ అన్నిటికీ ఆ మీట ఉండదు. దీనికి ఉందని మాస్టారు ఎవరికీ చెప్పలేదు.

"నీకెలా తెలుసక్కా?" అన్నారు మాస్టారు.

"నాన్న టైం నా చేతే పెట్టించేవాడుగా. ఆయన గోళ్లు పొట్టి."

అక్క గడియారాన్ని చెవికి ఆనించుకుంది. తర్వాత తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుని ఆయన చెవి దగ్గర పెట్టింది.

"విను. నువ్వు ఏడిస్తే నాన్న ఇలాగే పెట్టేవాడు. ఠక్కున ఊరుకునేవాడివి."

ఇన్నేళ్లుగా ఎన్ని మిషన్ల చప్పుడు విన్నారో మాస్టారు. ఈసారి మాత్రం ఊరుకోలేకపోయారు.