రిబ్బన్ గారి ఎరువు యంత్రం

మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద ఒక యంత్రం వచ్చి కూర్చుంది. పన్నెండు ఇళ్ల చెత్తనీ ఒక్క రోజులో ఎరువు చేస్తుందట. సంఘం కార్యదర్శి రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగారు. కుళాయి మార్చినా రిబ్బన్ కట్టించే మనిషి కనుక చాటుగా ఆయన్ని రిబ్బన్ గారంటాం.

ఆ యంత్రానికి మా మామగారిని మించిన పథ్యం. తడి పడదు, టెంక పడదు, మిగిలిన కూర అసలే పడదు. పొరపాటున వేస్తే అలిగి ఆగిపోతుంది.

నిజానికి చెత్త బెడద మాకు రెండేళ్ల కిందటే తీరింది. వాషింగ్ మెషీన్లు బాగుచేసే మా ఆడపడుచు, పాడైన మెషీన్లలోంచి చిల్లుల డ్రమ్ములు మూడు ఊడదీసి, ఇనుప స్టాండ్ల మీద అడ్డంగా బిగించి, తిప్పడానికి పిడులు పెట్టింది. చిల్లుల్లోంచి గాలి ఆడుతుంది. ఎండుటాకులు కలిపి రోజూ నాలుగు తిప్పులు తిప్పితే కంపు ఉండదు. రెండు నెలల్లో నల్లటి ఎరువు. కరెంటు అక్కర్లేదు, రిబ్బనూ అక్కర్లేదు. అదే వాటి లోపం.

ఒక రోజు, పర్యావరణ బహుమతికి మా యంత్రాన్ని చూడ్డానికి పరిశీలకురాలు వస్తుందని రిబ్బన్ గారు పొద్దున్నే తలుపు కొట్టారు.

"అమ్మా, ఇంటికో కిలో క్యారెట్లు తరిగి, తడి లేకుండా తుడిచి ఇవ్వండి. మెషీన్లో వేసి చూపిద్దాం."

"చెత్త వేయకూడదా?"

"చెత్త వేస్తే ఆగిపోతుంది కదండీ! అన్నట్టు, ఆ డ్రమ్ములు చూడ్డానికి బాలేవు. పాతసామాన్ల బండి వస్తోంది."

ఒళ్లు మండి కిందికి దిగాను. డ్రమ్ములు ఖాళీ. వాటిలోని ఎరువంతా యంత్రం పక్కన సంచుల్లో ఉంది, సంచుల మీద యంత్రం బొమ్మ. ఆడపడుచు పళ్లు నూరుతోంది.

"చూశావా వదినా? నా ఎరువు దానికి, తుక్కు బండి నాకు!"

"డ్రమ్ములు వదలకు. ఇప్పుడే వస్తా."

నేను బకెట్‌తో తిరిగొచ్చేసరికి పరిశీలకురాలు ఎరువు వాసన చూస్తోంది. "బాగుంది. ఈ మెషీన్లో తయారైందేనా?"

"అక్షరాలా!" అన్నారు రిబ్బన్ గారు.

నిన్నటి బకెట్ మొత్తం యంత్రంలో కుమ్మరించాను. టీ పిప్పి, పుచ్చకాయ తొక్కలు, మామిడి టెంకలు. అది ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

"మీకు మతి ఉందా అమ్మా?"

"ఉంది కనుకే చెత్త తెచ్చాను. ఆ మాట క్యారెట్లు తరిగినవాళ్లని అడగండి."

పరిశీలకురాలు పెన్ను మూసి, "మరి ఈ ఎరువు ఎక్కడిది?" అంది.

క్యారెట్ పళ్లాలు పట్టుకున్నవాళ్లంతా డ్రమ్ముల వైపు చూశారు. ఈలోగా బండి వచ్చింది. ఆడపడుచు దానికి అడ్డంగా నిలబడింది.

"ఇవెక్కడికీ కదలవు. రెండేళ్లు మీ కుళ్లంతా నేనే తిప్పాను. ఇకమీద రోజుకో ఇల్లు. పిడి పట్టనివాళ్లు చెత్త మీ పడగ్గదిలో దాచుకోండి. రేపు మీ వంతు, కార్యదర్శి గారూ."

"నేనా? నడుము నొప్పమ్మా..."

"ఎంత నొప్పైనా సరే, ఆరింటికి రండి."

బండివాణ్ని నేనే వెనక్కి పంపాను.