పవర్‌హౌసు చప్పుడు

రోజూ పొద్దుగూకే వేళకి వహాబు టీ తాగి, ఉదయగిరి పవర్‌హౌసుకి పోయి డీజిల్ ఇంజను తిప్పేవాడు. ఊళ్ళో బల్బులు వెలిగేవి. వాళ్ళ నాయన చేసిన ఉద్యోగమే అది. డెబ్భై అయిదులో పెద్దలైను కరెంటు వచ్చేసరికి ఇంజను కట్టుకొయ్య దగ్గర ముసలెద్దయింది.

పవర్‌హౌసు తీసెయ్యడానికీ ఒక పద్ధతుంది. ముందు ట్యాంకులో ఆయిలు తోడేశారు. పైపులు కోసి, ఇంజన్ని ముక్కలుచేసి లారీకెక్కించారు. ఆయిలు తాగిన మట్టి తవ్విపోశారు, గుంటలు పూడ్చారు. అన్నీ పోయాయిగానీ చప్పుడు పోలేదు. సాయంత్రమైతే చాలు, ఖాళీ నేల మీద డబడబమంటూ మొదలయ్యేది. ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. పాతకాపు అంత తేలిగ్గా ఖాళీ చేస్తాడా అనుకున్నారు.

పవర్‌హౌసుకి స్థలం లీజుకిచ్చిన రామనారాయణ మాత్రం అడ్డం తిరిగాడు.

"మేమిచ్చినప్పుడు సద్దు లేని నేల సార్. అట్టనే ఇయ్యండి. ఈ మోతలో నా దూడలు మేత ముడతాయా?"

న్యాయమే మరి. ఇంజనీరు వరదయ్య వహాబుని పిలిచాడు. "ఆ చప్పుడు ఆపించి స్థలం అప్పజెబితేనే నీకు కలిగిరి సబ్‌స్టేషన్లో పోస్టు. లేకుంటే ఇంటికే."

ఇంట్లో తల్లి రసూల్‌బీ అంతా విని అడిగింది. "ఆఖరి రోజు ఇంజను ఆపి ఏం చెప్పినావురా?"

"రోజూ చెప్పేదే. పోయొస్తా అన్నాను."

"ఇంకేంది! వస్తానంటివి, అది కాచుకోనుండాది. పోతున్నా, ఇంక రానని చెప్పు."

"ఆ మాట నోటితో ఎట్టంటానమ్మా?"

నిజమే. శత్రువు గడప దాటేటప్పుడైనా అనని మాట. కానీ పొయ్యి వెలగాలి గదా. మర్నాడు సాయంత్రం వహాబు ఆ నేలలో నిలబడ్డాడు. అతన్ని చూసి చప్పుడు హుషారెక్కింది. వహాబుకి ఏడుపొచ్చింది.

"పోతున్నా," అన్నాడు. "ఇంక రాను."

చప్పుడు ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. తెల్లారేసరికి రామనారాయణ దూడల్ని తోలుకొచ్చాడు.

కలిగిరిలో చేరాక మొదటి సెలవుకి వహాబు ఉదయగిరి బస్సెక్కాడు. దారిలో దుత్తలూరు దగ్గర అది చెడిపోయింది. ఇంకోసారి కండక్టరు "ఉదయగిరి, దిగండి" అంటేనే దిగాడు. చూస్తే దుత్తలూరు. ఇంజనుకి చెప్పిన మాట ఊరు కూడా విన్నదని అప్పటికి తెలిసింది. కండక్టర్లు అతనికి ఉదయగిరి టిక్కెట్టు కొట్టడం మానేశారు.

అప్పట్నుంచి రసూల్‌బీనే క్యారియరు పట్టుకుని దుత్తలూరు వచ్చేది. బస్టాండు అరుగు మీద కూచుని ఇద్దరూ తినేవాళ్ళు. ఒకరోజు వహాబు కలిపిన ముద్ద పక్కన పెట్టేశాడు.

"నీకేమన్నా అయితే మట్టెయ్యడానికి ఎట్ట వచ్చేది అమ్మా?"

ఆమె కూర వడ్డిస్తూ చెప్పింది. "మీ నాయన పక్కన నాకు చోటు ఉండాదిలే. అయినా నేను పోతే నన్ను దుత్తలూరుకే తెమ్మని మసీదులో చెప్పొచ్చినాను. తిను, చల్లారిపోతాది."