అంచు లేచిన పొర

మా చెల్లెలు హాసిని తన చేతి మీద తన పేరే పొడిపించుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. మర్చిపోతానని భయమేమో!

సోమవారం సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే భాలుబాసాలో మా ఇంటికి వచ్చింది. సాక్చిలో ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో దాని ఉద్యోగం. అక్కణ్ణుంచి టెంపోలో తిన్నగా సీతారాండేరాలోని అమ్మ దగ్గరికి వెళ్ళిపోవలసింది, మధ్యలో దిగింది. కుర్తా చెయ్యి పైకి లాగి, మణికట్టుకీ మోచేతికీ మధ్య లోపలివైపు చూపించింది. అద్దంలాంటి సన్నటి పొర ఒకటి చర్మానికి అంటుకుని ఉంది. దాని కింద నల్లటి నీరు ఊరి, బుడగలా ఉబ్బి వేలాడుతోంది.

"అప్పా, యే దేఖో నా. కారిపోతన్నాది. మార్చాలంట," అంది.

మాలో అక్కని అప్ప అంటారు. మా ఇద్దరికీ పదకొండేళ్ళు తేడా. ఈ హిందీ ఊళ్ళోనే పుట్టి పెరిగింది కనక, దానిది తెలుగులో మొదలై హిందీలోకి జారిపోయే భాష.

"ఆ పొర అంటించినామె మార్చదేటి? నాకాడికెందుకొచ్చినావు?"

"పచ్చబొట్టు పొడిచిన రీనా రెండో ముక్క కత్తిరించి ఇచ్చినాది. నువ్వుండగా ఆమెకాడికెందుకెల్తాను?"

ఆ మాటకి నేను మురిసిపోతాననుకుంది. నిజానికి మార్చడం నాకు చిటికెలో పని. పదహారేళ్ళుగా ఒక నర్సింగ్ హోములో డ్రెస్సింగ్ గదిలో ఉన్నాను. సెలైన్ సూది కదలకుండా పైన అంటించే పొర కూడా ఈ జాతిదే. పచ్చబొట్టు ఎంత ముద్దుగా ఉన్నా అది పుండే. మొదటి రోజు నెత్తురు నీరూ మిగులు సిరా కలిసి పొర కింద చేరతాయి. అది తీసి కడిగి, ఆరనిచ్చి, కొత్త ముక్క అంటించి నాలుగైదు రోజులు ముట్టుకోకపోతే లోపలే చర్మం మానిపోతుంది. షరతు ఒక్కటే. అంచు లేవకూడదు. లేచి లోపలికి నీరు పోయిందా, ఆ క్షణమే తీసెయ్యాలి. లేకపోతే మురికి లోపలే మగ్గి పుండు చెడుతుంది.

పొర తీసి సబ్బునీళ్ళతో కడిగాను. నల్లటి జిడ్డు పోయి కింద అక్షరాలు తేలాయి. హాసిని. తెలుగులో. అప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. 'ని' మీది గుడిని క్రేను కొక్కెంలా వంచి రాసే మనిషిని ఈ లోకంలో నేను ఒక్కరినే ఎరుగుదును. అది మా నాన్న పైడిబాబు రాత.

"ఎక్కడిదే ఇది?"

"నాన్న కాగితం మీద రాసి ఇచ్చినాడు. నాకే. రీనా దాన్నే దిద్దినాది."

నాన్న పోయి పది నెలలయింది. కారఖానాలో ఖలాసీగా చేశాడు. క్రేను కొక్కేనికి బరువులు కట్టే పని. ఆయన చివరి రెండేళ్ళూ కుడికాలి పాదం మీద షుగరు పుండుతో మంచం పట్టాడు. ఆ రెండేళ్ళూ రోజూ పొద్దున్న ఆరింటికి సీతారాండేరా వెళ్ళి, ఆ కాలు కడిగి, కట్టు కట్టి, అప్పుడు డ్యూటీకి పోయేదాన్ని. వాసనకి హాసిని పక్క గదిలోకి వెళ్ళిపోయేది. సాయంత్రం పుండు మూసి ఉన్న వేళ వచ్చి నాన్న పక్కన కూర్చుని ఫోనులో బొమ్మలు చూపించేది. ఇద్దరూ పకపకా నవ్వుకునేవారట. పుండు నాది, కబుర్లు దానివి.

నన్ను చూస్తే ఆయన నోట ఒక్కటే మాట. "వచ్చినావా." అంతే. కాలు చాపేవాడు. దాన్ని చూస్తే మాత్రం "నా హాసీ, నా సిట్టితల్లీ" అని మంచమంతా ముద్దు. మా అమ్మ సన్యాసమ్మ అది చూసి, "ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి" అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా ఇంట్లో నేను మందుకే పనికొచ్చాను, ఇంక దేనికీ కాదు.

ఇప్పుడు ఈ పేరు. తెలుగు బడిలో చదువుకున్నది నేను. నాన్న తరఫున పలాస దగ్గర మా మేనత్తకి ఉత్తరాలు రాసింది నేను. దానికి తెలుగులో తన పేరు తప్ప ఇంకో ముక్క చదవడం రాదు. ఆయన కూర్చుని చేత్తో రాసి ఇచ్చింది దానికి. నాకు ఒక చీటీ ముక్క లేదు. కడుపు మండింది. దాచడానికేముంది, భగ్గున మండింది.

కొత్త పొర మాత్రం చక్కగానే అంటించాను. ఎక్కడా ముడత లేదు.

"ఆదివారం దాకా ముట్టుకోకు. ఆదివారం వొచ్చీ, నాను తీత్తాను," అన్నాను.

బుధవారమే మళ్ళీ వచ్చింది. స్నానం చేస్తుంటే మణికట్టు వైపు అంచు లేచిందట. చూశాను. వేలి గోరంత లేచి ఉంది. దాని కింద నీరు చేరి తెల్లగా నానింది. చర్మం మీద సన్నటి ఎరుపు కూడా మొదలయింది.

"నికాల్ దూఁ క్యా, అప్పా? తీసీనా?"

తీసెయ్యి అనాలి. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లయినా అదే అంటుంది. తీసి, కడిగి, ఆరనిచ్చి, గాలికి వదిలెయ్యి అనాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడా గుడి కొక్కెం నా కళ్ళ బడింది. పొర కింద నల్లగా, నిగనిగలాడుతూ.

"ఉంచు," అన్నాను. "పరవాలేదు. ఆదివారం దాకా ఉండనీ."

"పక్కా?"

"పదారేళ్ళ నించీ నానేటి చేత్తన్నాననుకున్నావు?"

అది తలూపి కుర్తా చెయ్యి దించుకుని వెళ్ళిపోయింది. ఆ పేరు చెడిపోవాలని నేను అనుకున్నానా అంటే లేదంటాను. కాస్త అనుకున్నాను. పూర్తిగా కాదు, ఆ కొక్కెం మట్టుకు.

గురువారం డ్రెస్సింగ్ గదిలో ఒక ముసలాయన చేతికి అలాంటి పొరే అంటించి, "అంచు లేత్తే గంట కూడా ఆగకండి, వొచ్చీండి" అని రెండుసార్లు చెప్పాను. శుక్రవారం అమ్మ ఫోన్ చేసింది. "దానికి సెయ్యి సలుపుతన్నాదంట. ఓపాలి సూడవా?" అంది. "కొత్తలో అలగే సలుపుతాదమ్మా," అని పెట్టేశాను. ఆ పూట అన్నం సయించలేదు. అయినా వెళ్ళలేదు. పది నిమిషాల దారి.

ఆదివారం పొద్దున్న వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. చెయ్యి చూపించింది. పొర చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే కాలుతోంది. లోపల నల్లటి నీరు కాదు, పసుపుపచ్చని చీము. రెండేళ్ళు రోజూ పీల్చిన ఆ వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బేసిన్ దగ్గర కూర్చోబెట్టాను. గోరువెచ్చని నీళ్ళు ధారగా పోస్తూ పొర అంచు పట్టుకుని, పైకి లాగకుండా, చర్మం వెంబడే సాగదీస్తూ తీశాను. అది పళ్ళు బిగబట్టి నీళ్ళ వైపే చూస్తోంది.

"రీనా బుధవారమే చెప్పినాది, ఫౌరన్ నికాలో, ఎంటనే తీసీ అని," అంది. "ఫొటో పెట్టినాను కదా. రోజూ మెసేజి పెట్టినాది. నాను తీయనన్నాను. మా అప్ప పుళ్ళు చూసే మనిషి, నీకంటే తనకే బాగా తెలుసు అన్నాను. ఠీక్ కియా నా? బాగానే చెప్పినాను కదా?"

పొర పూర్తిగా ఊడి వచ్చింది. 'హా' బాగుంది. 'సి' ఒక పక్క చెక్కు కట్టింది. 'ని' దగ్గర పై చర్మం చితికి, సిరా చీముతో పాటు కొట్టుకుపోయింది. కొక్కెం లేదు.

హాసిని తొంగి చూసింది. "నాన్న చేతి మీద ఉండాల్సింది అది," అంది.

"నాన్న చేతి మీదేటి?"

"అందుకే గదా రాసినాడు. తన చేతి మీద నా పేరు పొడిపించుకుంటానని. నువ్వొద్దన్నావు, షుగరని. అప్పుడు కాగితం నాకిచ్చీసినాడు. 'అప్ప సెప్పినాది నిజమే, పుండైపోద్ది, నీకాడుంచుకో' అన్నాడు. నా చేతి మీదయినా ఉంటాదని..."

ఇంతసేపూ మీకు నేను ఒక సంగతి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు కూడా. మా నాన్న కుడిచేతి మీద, సరిగ్గా అదే చోట, ఒక పచ్చబొట్టు ఉండేది. నాకు ఏడాది నిండినప్పుడు సువర్ణరేఖ నది ఒడ్డున మేళాలో పొడిపించుకున్నాడు. పొడిచేవాడికి తెలుగు రాదు కాబట్టి తనే కాగితం మీద రాసి ఇచ్చాడట. 'ఇంద్రాణి' అని. నా పేరు. 'ణి' మీద కొక్కెం. రెండేళ్ళు ఆ మనిషికి కట్టు కడుతూ కూడా నేను ఆ చేతి వైపు చూసిందే లేదు. నాదే కదా, ఎక్కడికి పోతుందని.

ఆ రోజు కూడా గుర్తొచ్చింది. కాలికి పుండు రాకముందు మాట, మూడేళ్ళయింది. జనవరి, మేళా రోజులు. "మేళాకెల్లి సిన్నదాని పేరు కూడా ఏయించీసుకుంతానే. నీదున్నాది గదా," అన్నాడు. "మతి పోనాదేటి నాన్నా? మూడొందలు షుగరెట్టుకుని సూదులు పొడిపించుకుంటావా? సెయ్యి తీసీవలసొత్తాది," అని కసిరాను. షుగరు మాట నిజం. ఏ డాక్టరయినా అదే అంటాడు. కానీ ఆయన సరేనని తల దించుకున్నప్పుడు నాకు హాయిగా అనిపించిందే, అది షుగరు గురించి కాదు.

"బుధవారం తియ్యాల్సింది," అన్నాను. "నాకు తెలుసు. తెలిసే ఉంచమన్నాను."

"క్యోం?"

"నాన్న నీకు రాసిచ్చినాడని ఓర్చలేకపోనాను."

అది నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుని లేచింది. తడి చెయ్యి అలాగే పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఈసారి ఒక్క హిందీ ముక్క లేకుండా మాట్లాడింది.

"చిన్నప్పుడు నాన్న ఆ చేత్తోనే నాకు అన్నం తినిపించీవోడు. ప్రతి ముద్దకీ నీ పేరే కనిపించీది. నాది ఎక్కడ నాన్నా అనడిగితే వచ్చే మేళాకి అనీవోడు. ఎన్ని మేళాలు పోనాయో నీకేటి తెలుసు?"

నాకు తెలియదు. నా పేరు మోసిన చెయ్యి నా పేరుతోనే చితి మీద కాలిపోయింది. అంత ఉండీ, ఒక కాగితం ముక్కకి ఏడ్చాను.

"పుండు తెరిచి ఉన్నాదే. తిట్టుకుందువు గానీ, కట్టు కట్టనీ," అన్నాను.

గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి వచ్చి కూర్చుంది. మొహం అటు తిప్పుకుని చెయ్యి ఇటు పడేసింది. కట్టు కట్టి, ఆ పూటే మా డాక్టరుకి చూపించాను. మందులు రాశాడు. రోజూ కడిగి కట్టు మార్చాలన్నాడు. నెల ఆగి కాగితం తెస్తే పోయిన ముక్క మళ్ళీ దిద్దుతానని రీనా చెప్పిందట. ఆ సంగతి కూడా అమ్మ చెబితే తెలిసింది. హాసిని నాతో మాట్లాడ్డం మానేసింది.

మర్నాటి నుంచి మళ్ళీ పొద్దున్న ఆరింటికి సీతారాండేరా వెళుతున్నాను. అది తలుపు తీస్తుంది, కుర్చీలో కూర్చుంటుంది, చెయ్యి చాపుతుంది, గోడ వైపు చూస్తుంది. నా పని నేను చేసుకుని వచ్చేస్తాను. అలా ఎనిమిది రోజులు.

ఇవాళ తొమ్మిదో రోజు. తలుపు తీసి, గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"వచ్చినావా," అంది.

నేను లోపలికి వెళ్ళి, చేతులు కడుక్కుని, కట్టు విప్పడం మొదలుపెట్టాను.