బండిలో చోటు

తమకు అండగా వచ్చిన రష్యా సేన వెనక్కి తగ్గుతోందనీ, తుర్కు దళాలు లోయలోకి తిరిగి వస్తున్నాయనీ కబురు అందిన గంటకే ఊళ్ళో ఎడ్లకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అందరిదీ ఒకటే దారి. షిప్కా కనుమ ఎక్కి, అవతల గాబ్రొవో పట్నంలో దిగాలి. గెంకో రెండు రోజులు కాళ్ళరిగేలా తిరిగి, పక్క ఊళ్ళో మేనమామ కాళ్ళావేళ్ళా పడి ఒక బండీ ఒక జత ఎడ్లూ సంపాదించాడు.

ఎక్కాల్సినవాళ్ళు తల్లి నెదా, భార్య స్తానా, ఇద్దరు కూతుళ్ళు, తమ్ముడి భార్య దోన్కా. దోన్కా పదకొండు రోజుల బాలింత. తమ్ముడు వెల్కో వలంటీర్లలో చేరి కొండల్లో ఎక్కడో పోరాడుతున్నాడు. పెళ్ళాన్నీ పుట్టబోయే బిడ్డనీ అన్న చేతిలో పెట్టి వెళ్ళాడు.

మనుషులతో పాటు ఇంకో రెండు శాల్తీలున్నాయి. గులాబీల అత్తరు తీసే రాగి కాగులు, తాత చేయించినవి. ఇల్లు తగలబడ్డా ఆ కాగులుంటే మళ్ళీ బతకొచ్చని గెంకో నమ్మకం. మనిషి చెడ్డవాడు కాదు. తనవాళ్ళ కోసమే ఏ పనైనా చేస్తున్నానని నమ్మే రకం, అలాంటివాళ్ళతోనే వస్తుంది చిక్కంతా.

నలభై రోజులు నిండి చర్చి గురువు ప్రార్థన చదివేదాకా బాలింత గడప దాటకూడదని నెదా పట్టు. దాటితే పాలు ఇంకిపోతాయి, బిడ్డకు కీడు. అయినా కోడల్ని వదిలేసి వెళ్ళడానికి ఆవిడకు మనసొప్పక, ఏదైనా దారుందేమో కనుక్కోమని గెంకోను గురువు లూకన్ దగ్గరికి పంపింది. లూకన్ సంగతంతా విని నవ్వాడు.

"ఇలాంటప్పుడు నలభై ఎవడు లెక్కపెడతాడు నాయనా? ఇవాళే వచ్చి చదివేస్తాను. బండి సర్దడం అవగానే కబురు పెట్టు, చాలు."

గెంకో ఇంటికొచ్చేసరికి కాగులు రెండూ తాళ్ళతో బిగించి ఉన్నాయి. అవి దించితే తప్ప బాలింత పడుకునే జాగా లేదు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి లోపలికి వెళ్ళి, నలభై నిండందే చదవనని గురువు తెగేసి చెప్పాడని తల్లితో అన్నాడు. నెదా తలగుడ్డ కొసతో కళ్ళొత్తుకుంది. ఎటూ కదలనని మొండికేసిన పక్కింటి ముసలమ్మను తోడుంచి, వారంలో ఖాళీ బండితో వచ్చి తీసుకెళ్తానని దోన్కాకు మాటిచ్చాడు. ఆ అమ్మాయి తలుపు వెనక నించుని, మా గురించి బెంగపడకండి బావగారూ అంది. గురువుకు మాత్రం కబురు వెళ్ళలేదు.

గాబ్రొవో చేరిన మర్నాడే కనుమ మూసుకుపోయింది. ఇక ఏ బండినీ వెనక్కి పోనివ్వలేదు. లోయలో ఊళ్ళు తగలబడుతున్నాయని వచ్చినవాళ్ళు చెప్పారు. ఆ కుటుంబం ఒక బడి వసారాలో తలదాచుకుంది. తెల్లారితే గెంకో వంతెన దగ్గరికి పోయి, చంకలో బిడ్డ ఉన్న ప్రతి ఆడదాని మొహమూ వెతికేవాడు. మన చేతిలో ఏముందిరా, ఆచారం అలా వచ్చిందని తల్లి ఓదార్చినప్పుడల్లా వాడు లేచి మళ్ళీ వంతెన దారి పట్టేవాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం దోన్కా నడిచి వచ్చింది. కాళ్ళకు గుడ్డపీలికలు, వీపున బిడ్డ. బిడ్డ బతికే ఉన్నాడు, కానీ ఏడవడానికి కూడా ఓపిక లేదు. తిండి లేక, నడిచి నడిచి, ఆమెకు పాలు ఇంకిపోయాయి. గెంకో పరుగెత్తి బిడ్డను అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

ఆఖరి గుంపుతో బయల్దేరుతూ లూకన్ ఆమె ఇంట్లో దీపం చూసి ఆగాడట. నువ్వింకా ఇక్కడున్నావేమిటని తెల్లబోయి, ప్రార్థన అక్కడికక్కడే చదివి వెంట తీసుకొచ్చాడట. దారిలో కాల్పులకు ఆయన చనిపోయాడట. ఇదంతా ఆమె వంతెన గోడకు ఆనుకుని మెల్లగా చెప్పింది.

"మీరు ఆయన దగ్గరికి వెళ్ళారటగా. హడావిడిలో మర్చిపోయి ఉంటాడులే, వాణ్ణేమీ అనకమ్మా అన్నాడు పాపం. మర్చిపోయారా, బావగారూ?"

ఆ పెద్దాయన చచ్చిపోతూ కూడా గెంకో తప్పించుకోవడానికి ఓ దారి వదిలి వెళ్ళాడు. అవునంటే చాలు.

"మర్చిపోలేదు," అన్నాడు. "బండిలో చోటు లేకుండా నేనే చేశాను."

దోన్కా వీపున బిడ్డ కట్టు బిగించుకుంది. తరవాత ఇంటివాళ్ళు ఎక్కడ ఉంటున్నారో అడిగి, ముందు నడిచింది.

అత్తగారికి ఆమె ఏమీ చెప్పలేదు. మేకపాలతో బిడ్డ తేరుకున్నాక, ఆదివారం నాడు బాప్తిస్మం ఇప్పించారు. తొలి మగబిడ్డ కదా, చనిపోయిన తాత పేరు పెడతారని అందరూ అనుకున్నారు. పేరేమిటని అక్కడి చర్చి గురువు అడిగితే దోన్కా గెంకో అని చెప్పింది.

నెదా పొంగిపోయింది. బావగారి మీద ఎంత గౌరవం చూడండి, వెల్కోకు తెలిస్తే మురిసిపోతాడని చుట్టూ ఉన్నవాళ్ళతో చెప్పుకుంది. ఆనవాయితీ ప్రకారం బిడ్డను తెచ్చి, ఎవరి పేరు పెట్టారో వాళ్ళ చేతుల్లో పెట్టారు. గెంకో బిడ్డ తల కింద చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. బట్ట సర్దడానికన్నట్టు దోన్కా వంగి, వాడికి మాత్రమే వినబడేలా అంది.

"రోజుకు వందసార్లు పిలుస్తాను. పిలిచినప్పుడల్లా మీరు వినాలి."