పోస్టరు రాసినోడు

మాకు తెలిసిన ప్రెస్సుల్లో తెలుగు అచ్చక్షరాలు లేవు. అందుకని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగువాడు పెళ్లి చేసుకున్నా, చచ్చినా, సమ్మె కట్టినా కాగితం లూకాయే రాయాలి.

లూకా రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల మీద నెంబర్లు వేసి రిటైరైన పెయింటరు. భార్య ఎలీసమ్మ పోయాక అతని అద్దెగదికి వచ్చిపోయేది రాయించుకునే మేమే. రంగు ఆరి గంటయినా "ఉండరా, ఇంకా ఆరలేదు" అనేవాడు.

తొంభై ఆరులో గోల్‌బజార్‌లో మావాళ్లమ్మాయి ఎమిలీ కంప్యూటర్ దుకాణం పెట్టింది. వర్క్‌షాపు గేటు దగ్గర మా యూనియన్ మీటింగు పోస్టరు అక్కడ కొట్టించింది నేనే. మామూలు అచ్చక్షరాలు వద్దన్నాను. అచ్చు కాగితం చూస్తే మావాళ్లకు ఆఫీసువాళ్లిచ్చే ఛార్జిషీటు గుర్తొస్తుంది, పక్కకు తప్పుకుంటారు. ఎమిలీ ఇంకో ఫాంటు తీసింది. ఎవరో గబగబా చేత్తో రాసినట్టు, కాస్త వంకరగా, తలకట్లు ఎగురుతూ. "ఇదే" అన్నాను. లూకా దగ్గరికెళ్తే సగం రోజు పోతుంది. అంతకుమించి కారణం లేదు.

పోస్టర్లు అంటించిన మర్నాడు పొద్దున్నే లూకా మా ఇంటికి సైకిలేసుకొచ్చాడు. తిడతాడనుకున్నాను. పేరు పెట్టి పిలిచాడు.

"ఒరే దేముడూ, ఎవుడ్రా ఆడు?"

"ఎవుడు మావా?"

"గేటు కాడ పోస్టరు రాసినోడు. తలకట్టు ఎలా ఇసిరినాడో సూసినావా! ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినాడేటి? తీసుకురారా. నాకాడ కుంచెలు సాలా ఉన్నాయి. ఇద్దరం కలిసి రాద్దుం."

గేటు దగ్గర మేనేజర్ని మొహం మీదే తిట్టే నేను, ఆ ముక్క ఎమిలీ చేతే చెప్పిద్దామని దుకాణానికి తీసుకెళ్లాను.

ఎమిలీ మీటలు నొక్కింది. తెర మీద 'లూకా' అని పడింది, ఆ అక్షరాల్లోనే. లూకా మొహం వాడిపోయింది.

"మిషను రాసిందేటమ్మా?"

"మిషనుకేటి తెలుసు తాతా? ఎవలో సేత్తో రాస్తే, అది సూసి ఇందులో పెట్టినారు."

"అయితే మనిసున్నాడు! ఏ ఊరు?"

ఎమిలీ ఆ ఫాంటు వచ్చిన ఫ్లాపీ అటూ ఇటూ తిప్పింది. కంపెనీ పేరుంది. రాసినవాడి పేరు లేదు. నాకు ఒళ్లు మండింది. పని చేసినవాడి పేరు ఎక్కడుంది గనక ఇక్కడుంటుంది!

లూకాకి నా కోపంతో పనిలేదు. కాగితం అడిగి నిలబడే రాశాడు: "అయ్యా, మీ చెయ్యి చూశాను. ఒక్కసారి ఖరగ్‌పూర్ రండి. స్టేషనుకి నేనొస్తాను." కవరులో పెట్టి నన్ను చూశాడు.

"పైన ఎవుల పేరు రాయాల్రా?"

"కంపెనీ పేరు రాయి మావా."

"కంపెనీకి సెయ్యుంటాదేట్రా?"

కవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పై వారం సిగ్గు విడిచి, రాయించాల్సిన కొత్త నోటీసు పట్టుకుని అతని గదికే వెళ్లాను. లూకా చదివాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఆడిసేతే రాయించరా. నాకన్నా బాగా రాస్తాడు," అని తలుపు వేసుకున్నాడు.