చిల్లర జేబులావిడది

సోమవారం లాండ్రీకి బట్టలు ఎక్కువ. వారమంతా వేసుకుని విడిచినవన్నీ ఆదివారం మూటకట్టి, తెల్లారగానే కౌంటరు మీద పడేసి పోతారు జనం. ఆ మూటలన్నీ మొదట వెనక గదిలోకి, కిటికీ పక్కన పొడుగు బల్ల దగ్గర నిలబడే మనిషి ముందుకి చేరతాయి. ఆవిడ పని జేబులు చూడడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తుండడంతో ఆవిడ అసలు పేరు ఓనరుక్కూడా గుర్తులేదు. అందరికీ ఆవిడ జేబులావిడే.

జేబు చూడడమంటే చెయ్యి పెట్టి తీసెయ్యడం కాదు. జేబుని చివరంటా బయటికి లాగి, తిరగేసి, మూలల్లో పేరుకున్న నూగు గోటితో గీకాలి. ఒక్క పెన్ను మిగిలిపోయిందంటే తొట్టెడు చొక్కాలు నీలంగా తేలతాయి. దొరికిన వస్తువు కవరులో వేసి, దానిమీద నంబరు రాసి, బట్టకి పిన్నీసుతో గుచ్చాలి. కళ్ళజోళ్ళు, నోట్లు, తాళంచెవులు, పెళ్ళాలు చూడకూడని రసీదులు, అన్నీ కవరులోకే. చిల్లర మాత్రం జేబులావిడది. షాపు తెరిచిన నాటి నుంచీ అదే రివాజు. జీతం పెంచమని అడిగినప్పుడల్లా ఓనరు, "చిల్లర నీదేగా అమ్మా" అనేవాడు, ఊళ్ళో జేబులన్నీ ఆవిడ పేర రాసిచ్చినట్టు.

ఆ చిల్లరలో అప్పుడప్పుడూ ఒక పాత వెండి నాణెం వచ్చేది. దానిమీద అరిగిపోయిన రాజు ముఖం ఉండేది. ఏ రాజో ఎవరికీ తెలీదు. చూడడానికి చిన్నదే గాని బరువు. సలసల కాగే నీళ్ళలో పడేసి తీసినా మంచుముక్కలా ఉండేది. బస్సులోనో సిగరెట్ల కొట్లోనో ఇచ్చిన చిల్లరతో కలిసి మగవాడి జేబులోకి చేరేది. ఆ సంగతి వాడికి తెలిసేది కాదు. తన జేబులో ఏముందో మగవాడు చూసుకోడు. చూడడానికి ఇంట్లో ఒకరూ లాండ్రీలో ఒకరూ ఉంటారు.

వెండి తేలిన ఎనిమిదో రోజుకి ఆ ఇంట్లో ఆడమనిషి ఉండదు.

మందుల షాపాయన చొక్కాలో తేలింది, ఆయన భార్యకి పొయ్యి అంటుకుంది. లెక్కల మాస్టారి ప్యాంటులో తేలింది, ఈత బాగా వచ్చిన ఇల్లాలు మోకాటిలోతు నీళ్ళలో మునిగింది. ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. "వాళ్ళింట వెండి తేలిందట" అనుకుని, పలకరింపుకి ఎప్పుడు వెళ్తే బావుంటుందో ఆలోచించుకునేవారు. లాయరు కోటులో తేలినప్పుడు మాత్రం జేబులావిడ మనసు ఆగక వాళ్ళింటికి వెళ్ళి, పొయ్యి దగ్గరా నీళ్ళ దగ్గరా మెట్ల దగ్గరా జాగ్రత్తగా ఉండమని లాయరు భార్యకి చెప్పింది. ఆ పిల్ల నవ్వి, "నేనెప్పుడూ కమ్మీ పట్టుకునే దిగుతాను పిన్నిగారూ" అంది. అలాగే పట్టుకుని దిగింది. ఎనిమిదో రోజు కమ్మీ ఊడి చేతిలోకి వచ్చింది.

ఆ తర్వాత జేబులావిడ ఎవరికీ చెప్పలేదు. వచ్చిన వెండిని ఎప్పటిలాగే అరమీద గాజుసీసాలో వేసి మూత పెట్టేది.

"వెండి కదక్కా, అమ్ముకోరాదూ" అనేది ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే మనిషి.

"నువ్వు అమ్మిపెట్టవే, సగం నీకిస్తా."

"అమ్మో, నాకొద్దు. నా మొగుడి జేబులో నేను చెయ్యి పెట్టనిదీ అందుకే."

"నీ మొగుడికి జేబులున్నా లేనట్టే కదే" అని జేబులావిడ నవ్వేది. ఆ సీసా వైపు చూడకుండా నవ్వేది.

ఆ సోమవారం పదింటికి అల్లుడు వచ్చాడు. ఊరంతా బంగారం లాంటి అల్లుడంటే ఆవిడా అదే అనేది. గొంతు పెంచడు, బీడీ సిగరెట్టు ముట్టడు, బట్టలు తనే మడిచి తెస్తాడు.

"అమ్మాయి కనబడి రెండు నెలలైంది బాబూ" అంది జేబులావిడ.

"ఎండలో తిరిగితే తలనొప్పి వస్తోందత్తయ్యా తనకి. నేనే బయటికి వెళ్ళొద్దన్నాను."

"పోనీ ఫోనన్నా చెయ్యమను."

"చేయిస్తాను" అన్నాడు అల్లుడు మర్యాదగా. "సాయంత్రానికి ఆ బూడిదరంగు ప్యాంటు ఒక్కటి ఇప్పించండి."

చెయ్యమంటాను అనలేదు, చేయిస్తాను అన్నాడు. అది ఆవిడ చెవిలో చిన్న రాయిలా ఉండిపోయింది.

బూడిదరంగు ప్యాంటు ఎడమ జేబులో రుమాలూ బస్సు టికెట్టూ ఉన్నాయి. కుడి జేబు తిరగేస్తే ఒకేలాంటి రెండు తాళంచెవులు బల్లమీద పడ్డాయి. ఆవిడ వాటిని చూడగానే గుర్తుపట్టింది. కూతురు కాపురం పెట్టినప్పుడు తాళం కొన్నది తనే. రెండు చెవుల్లో ఒకటి అల్లుడికిచ్చి, రెండోది కూతురి అరచేతిలో పెట్టి, "ఇది నీది, ఎవరికీ ఇవ్వకు" అని చెప్పింది. ఇప్పుడు రెండూ ఒకే జేబులో ఉన్నాయి. అతనేమో ఆఫీసులో ఉన్నాడు.

జేబు మూలలో ఇంకా చిల్లర ఉంది. ఆవిడ వేళ్ళకి చల్లగా తగిలింది.

ఇస్త్రీ చేసే మనిషి పెట్టెని నిలువుగా పెట్టేసి, దగ్గరికొచ్చి చూసింది.

"ఎవరిదక్కా ఆ ప్యాంటు?"

"మనదే."

"తీసి సీసాలో వెయ్యి. మబ్బు పట్టిందని ఆకాశాన్ని తిట్టి ఏం లాభం? ఈ ఎనిమిది రోజులూ పిల్లని కళ్ళారా చూసుకో."

జేబులావిడ నాణేన్ని తియ్యలేదు. మూడేళ్ళ కిందటి సంగతొకటి గుర్తొచ్చి, చెయ్యి అలాగే ఆగిపోయింది.

"గడియారాలు బాగుచేసే ఆయన కోటు గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదు! ఆయన పోయాడుగా. తన షాపు మెట్లమీద తనే జారి."

"ఆ కోటు జేబుకి చిల్లి ఉంది. నాణెం అందులోంచి అస్తరులోకి జారిపోయింది. పైనుంచి తడిమితే చల్లగా తగిలింది. కుట్టు విప్పడానికి బద్ధకించి వదిలేశాను. ఎలా వచ్చిన కోటు అలాగే ఇంటికి పోయింది."

"అయితే?"

"అతని పెళ్ళాం బతికే ఉంది కదే. ఇవాళ ఆ షాపులో కూర్చుని గడియారాలు బాగుచేసేది ఆవిడే."

ఇద్దరూ ఒకేసారి అరమీది సీసా వైపు చూశారు.

"నాణెం మగాడిది" అంది జేబులావిడ. "దేని ఖరీదో తీసుకొచ్చేవాడికి తెలీదు, వాడి చెయ్యి మాత్రం ఇస్తుంది. ఎవరో ఒకరు పుచ్చుకుంటే బేరం కుదిరినట్టే. ఎవరూ పుచ్చుకోకపోతే అది వాడి మీదికే తిరుగుతుంది. ఇన్నేళ్ళూ పుచ్చుకున్నది నేను."

"నీకేం తెలుసక్కా. రివాజు అది."

"రివాజే. పుచ్చుకునే చెయ్యి ఆడదానిదైతే పాపం తమ చేతికి అంటదని మగాళ్ళు పెట్టుకున్న రివాజు." ఆవిడ గొంతు పెరగలేదు. "లాయరు పెళ్ళానికి జాగ్రత్త చెప్పడానికి వెళ్ళిన రోజున, ఆ పిల్ల ఖరీదు ఈ సీసాలోనే ఉందే."

నాణెం జేబులో ఉండగానే ప్యాంటు తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాక, జేబులావిడ నడుంపట్టీ లోపలి కుట్టు నాలుగు అంగుళాలు విప్పింది. నాణేన్ని గుడ్డముక్కలో చుట్టి లోపల పెట్టి, అదే రంగు దారంతో, పాత రంధ్రాల్లోంచే సూది దింపుతూ మళ్ళీ కుట్టేసింది. కవరులో రుమాలు, టికెట్టు, ఒక తాళంచెవి వేసి పిన్నీసు గుచ్చింది. షాపు పుట్టాక తెలిసి తెలిసి చిల్లర వెనక్కి పంపడం ఇదే మొదటిసారి, వస్తువు ఆవిడ దగ్గర ఉండిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ కూతురింటికి వెళ్ళింది. రెండో అంతస్తు. తలుపుకి బయట తాళం వేసి ఉంది. తన దగ్గర ఉంచుకున్న చెవితో తీసింది. లోపల కూతురు గోడకి ఆనుకుని నిలబడి ఉంది, తలనొప్పేమీ లేని ముఖంతో.

"ఎలా వచ్చావమ్మా? ఆయన పంపారా?"

"నేనే వచ్చాను. కూర్చోనీ ముందు."

"అందులో కూర్చోకు. కుర్చీ కాస్త జరిగినా తెలిసిపోతుంది ఆయనకి."

తల్లి నేలమీదే కూర్చుంది. కూతురూ కూర్చుంది.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పను? కొట్టారా అంటే లేదు. తిట్టారా అంటే లేదు. బంగారం అన్నది నువ్వే కదా."

తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. "నాతో వచ్చెయ్" అంది.

"సాయంత్రానికల్లా వచ్చి నవ్వుతూ వెనక్కి తీసుకొస్తారు. అందరూ నాకే బుద్ధి చెప్తారు."

"పోనీ, ఇది దాచుకో" అని తల్లి తాళంచెవి ఇచ్చింది. "లోపలి నుంచి కిటికీలోంచి చెయ్యి చాపితే తాళం అందుతుంది, ఇప్పుడే చూశాను. ఆయన చెయ్యి పెట్టని చోట దాచు."

"అలాంటి చోటు ఈ ఇంట్లో ఒకటే ఉంది" అంది కూతురు. వంటగదిలోకి వెళ్ళి, అంట్లు తోమే సబ్బుపెట్టె అడుగున తాళంచెవి పెట్టింది. తల్లి బయటికొచ్చి తాళం మళ్ళీ నొక్కి వేసింది.

సాయంత్రం అల్లుడు వచ్చి కవరు విప్పి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"రెండు తాళంచెవులుండాలత్తయ్యా."

"ఒకటే ఉంది బాబూ. జేబులో దొరికినదేదీ ఇక్కడ పోదు, చిల్లర తప్ప."

అతను ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ ఇంకొకరి జేబు తిరగేస్తూ నూగు గీకుతోంది. వెనక ఇస్త్రీ పెట్టె బుస్సుమంది.

"ఇంట్లో ఉందేమో వెతికిస్తాను" అన్నాడు నెమ్మదిగా, ప్యాంటు చేతిమీద వేసుకుని.

ఆ వారమంతా జేబులావిడ రోజూ మధ్యాహ్నం కూతురింటి ఎదురుగా నిలబడి, కిటికీలో ఒకసారి చెయ్యి కనబడ్డాక వెనక్కి వచ్చేది. ఎనిమిదో రోజు చెయ్యి కనబడలేదు. పరుగులాంటి నడకతో షాపుకి వచ్చేసరికి కూతురే కౌంటరు ముందు నిలబడి ఉంది. చంకలో బూడిదరంగు ప్యాంటు.

"పొద్దున తాళం వేసి దిగుతూ జారారమ్మా. మూడో మెట్టు దగ్గర. చప్పుడు వినబడింది."

"ఉన్నాడా?"

"లేరు. పడ్డాక రెండుసార్లు పిలిచారు."

"మరి నువ్వు?"

"తాళంచెవి వెతుక్కోవాలి కదా" అంది కూతురు. "సబ్బు కరిగి అడుక్కి అంటుకుపోయింది."

జేబులావిడ ప్యాంటు తీసుకుని నడుంపట్టీ తడిమింది. కుట్టు కుట్టినట్టే ఉంది. లోపల గుడ్డముక్క మాత్రమే ఉంది.

నెల తిరిగేసరికి కూతురు లాండ్రీలో కుదిరింది, తల్లి పక్కనే. ఒక గురువారం లాయరు నల్లకోటు వచ్చింది. రెండో పెళ్ళి చేసుకుంటున్నాడట, పిల్లకి ఇరవై దాటలేదట. జేబులావిడ కోటు తిరగేసింది. జేబులు ఖాళీగా ఉన్నాయి. ఆవిడ స్టూలెక్కి గాజుసీసా దించి మూత తీసింది. ఏ నాణెం ఎవరి జేబులోదో ఆవిడకి గుర్తే. ఒకటి ఏరి బల్లమీద పెట్టింది.

ఇస్త్రీ చేసే మనిషి ఇటు చూసి, మళ్ళీ తన పనిలో పడింది.

"చీటీ మీద శనివారానికి కావాలని ఉందే" అంది జేబులావిడ.

"ఇచ్చేద్దాం" అంది కూతురు, సూదిలో నల్లదారం ఎక్కిస్తూ.