ఒక్క ఊపిరి స్వరం

సాక్సఫోన్ విద్వాంసుడిగా ఆయన గడించిన పేరంతా ఒక్క స్వరం మీద నిలబడి ఉన్నది. నెమ్మదిగా సాగే ఒక రచన చివర వచ్చే ఆ దీర్ఘస్వరాన్ని ఆయన మధ్యలో ఊపిరి తీసుకోకుండా వాయిస్తాడని పత్రికలు వ్రాశాయి, శిష్యులు నమ్మారు, ఆయన కాదనలేదు.

ఒకప్పుడు అది నిజమే. తరువాత, ఛాతీ నిండా జలుబుతో ఎక్కిన ఒక కచేరీలో ఊపిరి సగంలోనే అడుగంటింది. వెనుక వరుసలో క్లారినెట్ వాయించే బావమరిది అదే స్వరాన్ని సన్నగా అందుకున్నాడు. ఆ చాటున ఆయన ఊపిరి పీల్చుకుని మళ్ళీ కలిశాడు. సభ ఊగిపోయింది. జలుబు తగ్గింది గాని ఆ ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని గురించి బావా బావమరుదులు ఏనాడూ నోరు విప్పి మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆ రచననే ఆయన కూతురు అదే వాద్యబృందంతో కచేరీలో వాయించవలసి వచ్చింది. సోలో వాయించడం ఆమెకు ఇదే మొదలు. వెనుక గదిలో తలుపు వేసుకుని ఆ స్వరంతో కుస్తీ పట్టింది. పళ్ళు దిగి క్రింది పెదవి లోపల పుండు పడింది. రహస్యమేమిటని అడిగితే, సాధన అన్నాడాయన. ఆ మాట అన్నది మొదలు ఆయనకు అన్నం సహించలేదు. భార్య ఆరా తీస్తే పంటినొప్పి అని తప్పించుకున్నాడు. రిహార్సల్లో కూడా స్వరం తెగితే ఇక ఈ వాద్యం జోలికే పోనని కూతురు తల్లితో చెబుతుంటే ఆయన చెవిన పడింది. అయినా ఆ ఏర్పాటు సంగతి దాచే ఉంచాడు.

రిహార్సల్ నాడు ఆయన హాలులో గోడవారగా ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. కూతురు ఆ స్వరం అందుకున్నది. తాను ఎన్నడూ పలికించలేనంత మెత్తగా సాగిందది. సగం దాటాక వణికింది. వణికిన మరుక్షణమే క్లారినెట్ వచ్చి దాని క్రింద చేయి పెట్టింది.

ఆమె వాయించడం ఆపేసింది.

"మామయ్యా, అక్కడ నీకు వాయించడానికేం లేదు కదా. ఎందుకొచ్చావు?"

మామయ్య తన క్లారినెట్ వంక చూసుకున్నాడు, అది తనంతట తానే మోగినట్లు.

"అలవాటమ్మా," అన్నాడు. అన్నాక గాని ఆ మాట ఎంత పని చేసిందో తెలిసిరాలేదు. "మీ అత్త మాట్లాడుతున్నా ఇంతే, మధ్యలో దూరి తిట్లు తింటాను."

ఎవరూ నవ్వలేదు. వాద్యబృందాన్ని నడిపించే పెద్దమనిషి కాగితాలలో తల దూర్చాడు. విద్వాంసుడికి తల కొట్టేసినట్లయింది.

కూతురు ఆయన దగ్గరకు వచ్చింది. నిలదీస్తుందని, చెప్పవలసిన సమాధానాలు కూడగట్టుకున్నాడు. ఆమె నిలదీయలేదు. స్వరలిపి కాగితమూ పెన్సిలూ ఆయన చేతిలో పెట్టింది.

"మీరెక్కడ ఊపిరి తీసుకునేవారు నాన్నా? గుర్తు పెట్టండి. నేను దాచకుండా అక్కడే తీసుకుంటాను."

ఆయన కాగితం మీద పెన్సిలు ఆనించాడు. అది కదలలేదు. క్లారినెట్ వినబడగానే పీల్చుకోవడమే గాని, ఎక్కడ తీసుకుంటే స్వరం చెడదో ఆయన ఏనాడూ ఆలోచించి ఎరుగడు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. హాలులో అందరికీ వినబడింది. "మామయ్యనడుగు. వాడికే తెలుసు."

ఆమె కాగితం తీసుకుని వెనుక వరుసకు వెళ్ళింది. ఆయన అక్కడే తల వంచుకుని కూర్చున్నాడు. కాసేపటికి స్వరం మళ్ళీ మొదలైంది. నడుమ ఆమె తీసుకున్న ఊపిరి ఆ గోడవార దాకా స్పష్టంగా వినబడింది.